ట్యూబ్‌తో ఆహారం తీసుకునే బిడ్డను దత్తత తీసుకోవాలనుకుంటే: ఒప్పుకునే ముందు నుంచి ఇంట్లో కుదురుకునే దాకా

కారా (దత్తతలు చూసే కేంద్ర ప్రభుత్వ సంస్థ) పోర్టల్‌లో ప్రత్యేక అవసరాలున్న పిల్లల వివరాలు చూసేవాళ్లు తరచూ అడిగే ప్రశ్న ఇది: "పాపకు ట్యూబ్ ఫీడింగ్ అని రాసుంది, మేం చూసుకోగలమా?" ఆ ఒక్క మాట చూసి అవుననీ చెప్పలేం, కాదనీ చెప్పలేం. ట్యూబ్‌తో పాలు పోయడం శ్రద్ధగా నేర్చుకుంటే కొద్ది రోజుల్లోనే చేతికొచ్చే పని. అసలు ట్యూబ్ ఎందుకు పెట్టాల్సి వచ్చిందన్నదే బిడ్డ రేపటినీ మీ ఇంటి దినచర్యనూ తేలుస్తుంది. మొదలుపెట్టాల్సింది అక్కడి నుంచే.

ఇక్కడిచ్చిన కొలతలు మీ అవగాహన కోసం. మీ బిడ్డకు వర్తించేవి మాత్రం డాక్టరు రాసిచ్చినవే.

## 1. ట్యూబ్ ఎందుకుందో తేల్చుకోండి

కారణాలు స్థూలంగా నాలుగు రకాలు. ఒకే బిడ్డలో రెండు మూడు కలిసి కూడా ఉండొచ్చు.

మింగడం సురక్షితం కాదు. సెరిబ్రల్ పాల్సీ, కొన్ని జన్యు సమస్యలు, మెదడుకు దెబ్బ తగిలిన పిల్లల్లో పాలు ఆహారనాళంలోకి బదులు ఊపిరితిత్తుల్లోకి జారతాయి. మాటిమాటికీ నెమ్ము (న్యుమోనియా) చేస్తుంది. కొందరిలో దగ్గు కూడా రాదు, లోపలికి జారిపోతున్నట్టు పైకి తెలియదు. ఇలాంటి బిడ్డకు ట్యూబ్ ఏళ్ల తరబడి, ఒక్కోసారి జీవితాంతం ఉండొచ్చు.

మింగగలదు, కానీ సరిపడా తాగలేదు. గుండె జబ్బు, నెలలు నిండకుండా పుట్టడం, బాగా నీరసం. నాలుగు గుక్కలకే అలసిపోతుంది. మూల కారణం నయమయ్యేకొద్దీ ట్యూబ్ అవసరం తగ్గే అవకాశం ఎక్కువ.

దారిలో అడ్డంకి. ఆహారనాళం సరిగా ఏర్పడకపోవడం, అంగిలి చీలిక వంటివి. ఆపరేషన్ ఎప్పుడు, ఎన్ని విడతలు అన్నది ముఖ్యం.

అలవాటు తప్పడం. దీని గురించి తక్కువ మాట్లాడతారు. నెలల తరబడి నోటికి ఏమీ అందకపోతే, మింగే శక్తి ఉన్నా చెంచా చూడగానే బిడ్డ మొహం తిప్పేసుకుంటుంది. ఎక్కువ మంది పిల్లలు, తక్కువ మంది ఆయాలు ఉన్నచోట నోటితో తాగించే ఓపిక, సమయం దొరక్క ట్యూబ్ కొనసాగడమూ ఉంటుంది. ఇంటి వాతావరణంలో ఎక్కువగా కోలుకునేది ఈ పిల్లలే. కానీ ఇదే కారణమని మీరు ఊహించుకోకూడదు, స్పీచ్ థెరపిస్టు పరీక్షించి చెప్పాలి.

## 2. అది ఏ ట్యూబో తెలుసుకోండి

ముక్కు ట్యూబ్. ఆసుపత్రి భాషలో ఎన్‌జీ ట్యూబ్ లేదా రైల్స్ ట్యూబ్. ముక్కు నుంచి పొట్టలోకి వెళ్తుంది. మామూలు పీవీసీ ట్యూబ్ సుమారు వారానికోసారి మార్చాలి. సిలికాన్, పాలీయురెథేన్ ట్యూబులు నాలుగు వారాలు, రకాన్ని బట్టి ఇంకొంచెం ఎక్కువ కూడా ఉంటాయి.

పొట్ట ట్యూబ్. పెగ్ లేదా జీ ట్యూబ్. పొట్ట గోడలో చిన్న రంధ్రం చేసి పెడతారు. కొన్నాళ్లకు దాని స్థానంలో చర్మానికి అంటుకుని ఉండే బటన్ పెట్టొచ్చు. ట్యూబ్ అవసరం మూడు నెలలకు మించేలా ఉంటే సాధారణంగా డాక్టర్లు దీని గురించి ఆలోచిస్తారు. "పొట్టకు రంధ్రమా!" అని చాలామంది బెదిరిపోతారు. నిజానికి ఇంట్లో చూసుకోవడానికి ముక్కు ట్యూబ్ కన్నా ఇదే సులువు. మొహం ఖాళీగా ఉంటుంది, ఊరికే ఊడిరాదు, వారం వారం ముక్కులో గుచ్చే బాధ ఉండదు.

పేగులోకి వెళ్లే ట్యూబ్. ఎన్‌జే, జీజే రకాలు. వీటిలో ఒకేసారి పాలు పోయకూడదు. పంపుతో గంటల తరబడి సన్నగా ఎక్కించాలి. ట్యూబ్ జరిగితే ఎక్స్‌రే సౌకర్యమున్న ఆసుపత్రికే వెళ్లాలి. మీ ఊళ్లో ఆ వసతి లేకపోతే, ఒప్పుకునే ముందు ఈ ఒక్క విషయం మీద గట్టిగా ఆలోచించండి.

## 3. దత్తత ప్రక్రియ, క్లుప్తంగా

1. కారా పోర్టల్‌లో నమోదు చేసుకుని పత్రాలు అప్‌లోడ్ చేయాలి. 2022 దత్తత నిబంధనల ప్రకారం దంపతులకు కనీసం రెండేళ్ల స్థిరమైన వైవాహిక జీవితం ఉండాలి. బిడ్డకూ తల్లిదండ్రుల్లో ఎవరికైనా సరే 25 ఏళ్లకు తగ్గని వయసు తేడా ఉండాలి. ఒంటరి పురుషుడికి ఆడపిల్లను ఇవ్వరు. ఇప్పటికే ఇద్దరు లేదా అంతకుమించి పిల్లలున్న దంపతులు కూడా ప్రత్యేక అవసరాలున్న బిడ్డను తీసుకోవచ్చు.
2. సామాజిక కార్యకర్త ఇంటికొచ్చి గృహ అధ్యయన నివేదిక రాస్తారు. ఇది మూడేళ్లు చెల్లుతుంది. ట్యూబ్ ఉన్న బిడ్డకు మీరు సిద్ధమైతే, ఆసుపత్రి ఎంత దూరం, పగలు ఎవరు చూసుకుంటారు, రాత్రి ఎవరు లేస్తారు అన్నవి ఇందులోనే నమోదయ్యేలా చూసుకోండి.
3. బిడ్డ అధ్యయన నివేదిక, వైద్య పరీక్షా నివేదిక చూసి, బిడ్డను కలిసి, అంగీకారం తెలపాలి.
4. దత్తతకు ముందు సంరక్షణ ఒప్పందం మీద బిడ్డ ఇంటికొస్తుంది. దత్తత ఉత్తర్వు జిల్లా మేజిస్ట్రేట్, అంటే మన దగ్గర కలెక్టరు, ఇస్తారు. దరఖాస్తు అందాక రెండు నెలల్లో తేల్చాలని నిబంధన.
5. తర్వాత రెండేళ్లపాటు ఆరు నెలలకోసారి వచ్చి చూసి వెళ్తారు.

ఆసుపత్రిలోనో, తెలిసినవాళ్ల ద్వారానో "ఈ బిడ్డను తీసుకుపోండి" అని ఎవరైనా అంటే ఒప్పుకోకండి, అది నేరం. 1098కి ఫోన్ చేసి చెప్పండి.

విదేశాల్లో ఉన్న తెలుగువాళ్లు ఆ దేశంలో కారా గుర్తింపున్న సంస్థ ద్వారా రావాలి. అక్కడ దొరికే ట్యూబ్ రకం, సైజు, కనెక్టరు ఇక్కడివాటితో కలవకపోవచ్చు. ప్రయాణానికీ మొదటి నెలకూ సరిపడా ఇక్కడి సామాను చేతి సంచిలోనే తీసుకెళ్లండి.

## 4. ఒప్పుకునే ముందు అడగాల్సిన కాగితాలు

వైద్య నివేదికను మీకు నచ్చిన డాక్టరుకు చూపించుకునే హక్కు నిబంధనల్లోనే ఉంది. తప్పకుండా వాడుకోండి. మామూలు పిల్లల డాక్టరు సరిపోతారు. న్యూరాలజీ లేదా పిల్లల గ్యాస్ట్రో నిపుణులు చూస్తే ఇంకా మంచిది.

☐ పుట్టినప్పటి బరువు, ఎన్ని వారాలకు పుట్టింది, ఆసుపత్రి డిశ్చార్జి కాగితాలు
☐ నెల నెలా బరువు, పొడవు, తల చుట్టుకొలత. ఒక్క రోజు అంకె కాదు, వరుసగా కావాలి
☐ ట్యూబ్ పెట్టిన తేదీ, ఎవరు పెట్టమన్నారు, కారణం
☐ మింగే తీరు చూసే ఎక్స్‌రే పరీక్ష చేశారా, ఫలితం ఏమిటి
☐ ఎన్నిసార్లు నెమ్ము చేసింది, ఎప్పుడెప్పుడు ఆసుపత్రిలో చేరింది
☐ ఫిట్స్ ఉన్నాయా, ఏ మందులు, ఎంత మోతాదు
☐ ప్రస్తుత ఫీడ్: ఏ పాలు, ఒక్కోసారి ఎన్ని మి.లీ., ఎన్ని గంటలకోసారి, రాత్రి కూడానా
☐ ట్యూబ్ రకం, సైజు, చివరిసారి మార్చిన తేదీ

బరువు వరుసను డాక్టరు దగ్గర కూర్చుని చూడండి. ఫీడ్ కాగితం మీద సరిపడా ఉండి కూడా బరువు పెరగలేదంటే మూడు అనుమానాలు: పాలు మరీ పలుచన చేస్తున్నారు, వాంతుల్లో పోతున్నాయి, లేదా ఇంకా తేలని జబ్బు ఉంది.

## 5. శిశుగృహలో చూడండి, చేయండి

శిశుగృహ అంటే బిడ్డ ఇప్పుడుంటున్న సంరక్షణ కేంద్రం. అక్కడికి ఒక్కసారి వెళ్లి ఎత్తుకుని ఫొటో దిగి వస్తే ఏమీ తెలియదు. అనుమతి తీసుకుని కనీసం మూడు నాలుగు ఫీడ్‌లు వరుసగా చూడండి, వాటిలో ఒకటి రాత్రిది కావాలి. వీలైతే మీ ఇంట్లో రెండో సంరక్షకులు ఎవరైతే వాళ్లనూ తీసుకెళ్లండి.

ఫీడ్ పోసేటప్పుడు బిడ్డ పడుకుని ఉందా, ఎత్తుకుని ఉన్నారా? పోశాక దగ్గుతుందా, మొహం ఎర్రబడుతుందా? తన ఉమ్మి తను మింగుతుందా, చొంగ కారుతూనే ఉందా? పెదాలకు వేలు తగిలితే ఒప్పుకుంటుందా, ఒళ్లు బిగబడుతుందా? ఈ చివరి రెండింటి జవాబులు తర్వాత స్పీచ్ థెరపిస్టుకు ఎంతో పనికొస్తాయి.

రోజూ ఆ బిడ్డను చూసుకునే ఆయాతో విడిగా మాట్లాడండి. ఏ పక్కకు పడుకోబెడితే వాంతి చేసుకోదు, ఏ పాటకు నిద్రపోతుంది, ట్యూబ్ పీకేసే వేళ ఏది, ఇవేవీ ఫైల్లో ఉండవు. ఆమెకు మాత్రమే తెలుసు.

తర్వాత నర్సు ఎదురుగా మీ చేత్తో చేయండి. మీరిద్దరూ విడివిడిగా, ఎవరి సాయమూ లేకుండా పూర్తి ఫీడ్ ఇవ్వగలిగాకే బిడ్డను ఇంటికి తెచ్చుకోవడం మేలు.

వద్దనుకోవాల్సిన పరిస్థితులూ ఉన్నాయి. చూసుకునేది ఒక్కరే, రెండో మనిషి ఎవరూ లేరు. గంటలోపు పిల్లల ఎమర్జెన్సీ ఉన్న ఆసుపత్రి లేదు, ఇల్లు మారే వీలూ లేదు. లేదా "ఆర్నెల్లలో ట్యూబ్ తీసేస్తారు" అన్న ఆశ మీదే ఇంట్లోవాళ్లు ఒప్పుకున్నారు. ట్యూబ్ ఎప్పటికీ ఉండిపోయినా ఈ బిడ్డ మా బిడ్డే అని అందరూ అనగలిగితేనే ముందుకెళ్లండి. తీసుకెళ్లి మళ్లీ వెనక్కి ఇచ్చేయడం ఆ బిడ్డకు రెండోసారి అనాథ కావడమే.

## 6. బిడ్డ రాకముందు ఇంట్లో ఉండాల్సినవి

☐ అదే సైజు ట్యూబులు, నెలకు సరిపడా, పైన మూడు అదనం. ఒక సైజు చిన్నవి రెండు
☐ 50 మి.లీ. సిరంజిలు, ట్యూబ్ మూతికి సరిపోయే రకం. మందులకు 2, 5, 10 మి.లీ.వి
☐ సగం అంకెలు కూడా చూపించే పీహెచ్ స్ట్రిప్పులు (ద్రవంలో ఆమ్లం ఎంతుందో చూపేవి). లిట్మస్ కాగితం పనికిరాదు
☐ చర్మానికి మెత్తగా ఉండే ప్లాస్టర్, దాని కింద వేసే హైడ్రోకొల్లాయిడ్ పట్టీ
☐ పిల్లల బరువు తూచే డిజిటల్ మెషీన్
☐ వీపు ఎత్తుగా ఉంచే కుర్చీ లేదా దిండు
☐ ఫీడ్ నోటు పుస్తకం, గోడ మీద డాక్టరు, ఆసుపత్రి నంబర్లు

ట్యూబ్ సైజు (లావు) "ఫ్రెంచ్" అనే కొలతలో ఉంటుంది. పసిపిల్లలకు మామూలుగా 5, 6, కాస్త పెద్దవాళ్లకు 8. చిన్న ఊళ్లలో మందుల షాపులో అన్నీ దొరకవు. ముందే ఒక షాపతనితో మాట్లాడి నెల నెలా తెప్పించే ఏర్పాటు చేసుకోండి.

## 7. ముక్కు ట్యూబ్‌తో ఒక ఫీడ్, మొదటి నుంచి చివరి దాకా

1. సబ్బుతో చేతులు కడుక్కోండి. పాలు గోరువెచ్చగా ఉండాలి. ఫ్రిజ్‌లోంచి తీసి నేరుగా పోస్తే కడుపు పట్టేస్తుంది.
2. ముక్కు దగ్గర ట్యూబ్ మీద పెన్నుతో పెట్టిన గుర్తు కదల్లేదని చూడండి. ఈ సెంటీమీటర్ల అంకె పుస్తకంలో రాసి ఉండాలి.
3. సిరంజితో మెల్లగా లాగండి. అర మి.లీ. ద్రవం వస్తే చాలు. స్ట్రిప్ మీద వేసి చూడండి. 5.5 లేదా అంతకు తక్కువ ఉంటేనే ఫీడ్ మొదలుపెట్టాలి.
4. ద్రవం రాకపోతే బిడ్డను ఎడమ పక్కకు తిప్పి 15 నుంచి 30 నిమిషాలు ఆగి మళ్లీ చూడండి. నేర్పిన నర్సు చెప్పి ఉంటే 1, 2 మి.లీ. గాలి పంపి మళ్లీ లాగొచ్చు. అప్పటికీ రాకపోతే, లేదా అంకె 5.5 దాటితే, పోయకండి. డాక్టరుకు ఫోన్ చేయండి. గ్యాస్ మందు వాడే పిల్లల్లో అంకె ఎక్కువ చూపించే అవకాశముంది. వాళ్ల విషయంలో ఏం చేయాలో ముందే అడిగి రాసుకోండి.
5. బిడ్డను ఒళ్లో, తల పైకి ఉండేలా 30 నుంచి 45 డిగ్రీల వాలులో పట్టుకోండి.
6. కాచి చల్లార్చిన నీళ్లు కొద్దిగా పోయండి. పసిబిడ్డకు 2, 3 మి.లీ., పెద్ద పిల్లలకు 5 నుంచి 10.
7. సిరంజి లోపలి పిస్టన్ తీసేసి గొట్టంలా పట్టుకుని పాలు పోయండి. బిడ్డ పొట్ట కన్నా జానెడు ఎత్తు చాలు. పాలు వాటంతటవే దిగాలి, పిస్టన్‌తో నెట్టకూడదు. వేగం పెరిగితే సిరంజి కిందికి దించండి, తగ్గితే కాస్త పైకెత్తండి. మొత్తం 15 నుంచి 30 నిమిషాలు పట్టాలి.
8. సిరంజి పూర్తిగా ఖాళీ కాకముందే మళ్లీ నింపండి. లేకపోతే గాలి పోయి కడుపు ఉబ్బుతుంది.
9. చివర మళ్లీ నీళ్లు పోసి మూత పెట్టండి. కనీసం అరగంట, వీలైతే గంట సేపు పడుకోబెట్టకండి.
10. సమయం, ఎన్ని మి.లీ., వాంతి అయిందా అన్నవి రాయండి.

గాలి పంపి స్టెతస్కోపుతో పొట్ట దగ్గర "బుస్" మని శబ్దం వినడం మన ఆసుపత్రుల్లో బాగా వాడుకలో ఉంది. దాని మీద ఆధారపడకండి. ట్యూబ్ ఊపిరితిత్తిలో ఉన్నా అలాంటి శబ్దమే వినిపించగలదు. అనుమానం తీర్చేది పీహెచ్, లేదా ఎక్స్‌రే.

## 8. ఏం పోయాలి, ఎంత పోయాలి

రోజుకు కావాల్సిన ద్రవానికి డాక్టర్లు వాడే లెక్క: మొదటి 10 కిలోలకు కిలోకు 100 మి.లీ., తర్వాతి 10 కిలోలకు కిలోకు 50. అంటే 8 కిలోల బిడ్డకు సుమారు 800 మి.లీ., 12 కిలోల బిడ్డకు 1,100. నెలల పసివాళ్లకూ గుండె, కిడ్నీ జబ్బులున్నవాళ్లకూ ఈ లెక్క వర్తించదు. మీకు చెప్పిన ఫీడ్ దీనికి బాగా తేడాగా ఉంటే కారణం అడగడానికే ఇది.

ఇంట్లో అన్నిటికన్నా ఎక్కువగా జరిగే పొరపాటు ఒకటుంది. రాగి జావ, పప్పు కట్టు సన్నటి ట్యూబ్‌లో దిగవు. దిగడం కోసం నీళ్లు కలుపుతూ పోతారు. కడుపు నిండుతుంది, బరువు పెరగదు. ముక్కు ట్యూబ్‌కు పాలు, ఫార్ములా, డాక్టరు చెప్పిన పొడి మాత్రమే. ఫార్ములా పొడి డబ్బా మీద రాసిన కొలతలోనే కలపాలి. నీళ్లు ఎక్కువైతే రక్తంలో సోడియం పడిపోయి ఫిట్స్ రావచ్చు, పొడి ఎక్కువైతే విరేచనాలు పట్టుకుంటాయి. ఇంటి భోజనం మిక్సీ పట్టి వడకట్టి పోయడం 14 సైజు లేదా పైబడిన పొట్ట ట్యూబ్‌కే, అదీ డైటీషియన్ లెక్క కట్టిచ్చాక.

కలిపిన ఫార్ములా, రుబ్బిన ఆహారం బయట రెండు గంటలు దాటి ఉంచకండి. మన ఎండాకాలంలో ఇంకా ముందే వాడేయాలి. మిగిలినది పారేయడమే.

చిక్కి శల్యమైన బిడ్డ ఇంటికి రాగానే ఎక్కువ పెట్టాలనిపిస్తుంది. అమ్మమ్మలు, నానమ్మలు ఊరుకోరు కూడా. బాగా పోషకాహార లోపం ఉన్న బిడ్డకు ఒక్కసారిగా పెంచితే రక్తంలో ఫాస్ఫేటు, పొటాషియం పడిపోయి ప్రాణం మీదికి రావచ్చు. పెంచడం డాక్టరు చెప్పిన మెట్టు మెట్టుగానే.

## 9. మామూలుగా వచ్చే ఇబ్బందులు

ట్యూబ్ మూసుకుపోయింది. ఎక్కువసార్లు మందుల వల్లే. గోరువెచ్చని నీళ్లతో 50 మి.లీ. సిరంజి పెట్టి మెల్లగా ముందుకు, వెనక్కి ఆడించండి. చిన్న సిరంజితో గట్టిగా తోస్తే ట్యూబ్ పగులుతుంది. కూల్‌డ్రింకులు పోయకండి, పాలు ఇంకా గడ్డకడతాయి. ఇకమీదట మందులు పాలల్లో కలపకుండా ఒక్కోటి విడిగా, మధ్యలో నీళ్లు పోస్తూ ఇవ్వండి. నెమ్మదిగా కరిగే మాత్రలు పొడి చేయకూడదు, సిరప్ అడగండి.

వాంతులు. వేగం, పడుకోబెట్టడం, మలబద్ధకం, ఈ మూడూ ముందు చూడండి. మలబద్ధకాన్ని చాలామంది పట్టించుకోరు. అది తగ్గితే వాంతులు తగ్గిన పిల్లలు ఎంతోమంది.

బిడ్డ పీకేస్తోంది. ట్యూబ్‌ను చెంప మీద ముక్కుకు దగ్గరగా అంటించి, చెవి వెనక నుంచి చొక్కా లోపల వీపు వైపు పంపండి. చేతికి ఆడుకోవడానికి ఏదో ఒకటి ఇవ్వండి. రాత్రి పొడవైన గొట్టం మెడ దగ్గర వదులుగా ఉండకూడదు.

పొట్ట ట్యూబ్ చుట్టూ ఎర్రగా కండ పెరిగింది. ఎక్కువగా ట్యూబ్ కదులుతూ ఉండటం వల్లే. కదలకుండా అంటించి డాక్టరుకు చూపించండి. రోజూ సబ్బు నీళ్లతో తుడిచి పొడిగా ఉంచాలి. పసుపు, పౌడరు, నూనె పెట్టవద్దు. జీజే ట్యూబ్‌ను ఎప్పుడూ తిప్పకండి.

బటన్ బెలూన్. బటన్ ఊడిరాకుండా పొట్ట లోపల పట్టి ఉంచే చిన్న నీటి బుడగ ఇది. వారానికోసారి లోపలి నీళ్లు లాగి కొలిచి, డాక్టరు చెప్పినన్ని డిస్టిల్డ్ వాటర్ మళ్లీ నింపాలి. సెలైన్ వాడితే ఉప్పు గడ్డకట్టి పాడవుతుంది.

## 10. పరుగెత్తాల్సిన సమయాలు

ఫీడ్ మధ్యలో దగ్గు ఆగకపోయినా, పెదాలు నీలంగా మారినా, ఊపిరి కష్టమైనా వెంటనే ఫీడ్ ఆపి, సిరంజి కిందికి దించి, బిడ్డను పక్కకు తిప్పి 108కి ఫోన్ చేయండి. ఆకుపచ్చ వాంతి, రక్తం, గట్టిగా ఉబ్బిన పొట్ట, ఫీడ్ తర్వాత జ్వరంతో ఆయాసం ఉన్నా ఇంట్లో కూర్చోకండి.

పొట్ట ట్యూబ్ ఊడిపోతే రంధ్రం గంట రెండు గంటల్లోనే మూసుకోవడం మొదలవుతుంది. పెట్టి ఆరు నుంచి ఎనిమిది వారాలు కాకపోతే మీరు దోపకండి, గుడ్డ అడ్డుపెట్టి నేరుగా ఆసుపత్రికే. పాతదైతే, మీకు నేర్పి ఉంటే, ఒక సైజు చిన్న ట్యూబ్ మెల్లగా పెట్టి ప్లాస్టర్ వేసి వెళ్లండి. సరిగా ఉందని డాక్టరు చూసేదాకా అందులో ఏమీ పోయొద్దు.

## 11. మొదటి మూడు నెలలు

మొదటి రెండు మూడు వారాలు శిశుగృహలో ఇచ్చిన పాలు, అదే వేళలు, అదే మోతాదు. చోటు, మనుషులు, వాసనలు అన్నీ మారిన బిడ్డకు అదొక్కటైనా మారకూడదు.

ఫీడ్ పోసేది తల్లిదండ్రులే కావాలి, బంధువులు కాదు. ఎవరి ఒళ్లో కడుపు నిండుతుందో బిడ్డ వాళ్లను పోల్చుకుంటుంది. మంచం మీద పడుకోబెట్టి స్టాండుకు సిరంజి తగిలించి వెళ్లిపోకండి. కళ్లలోకి చూస్తూ, కబుర్లు చెబుతూ ఇవ్వండి. మీరు అన్నం తినేటప్పుడు పక్కనే కూర్చోబెట్టుకోండి.

నోట్లోకి ఏమీ వెళ్లకపోయినా రోజుకు రెండుసార్లు మెత్తటి బ్రష్‌తో పళ్లు, చిగుళ్లు తుడవాలి. నోట్లో క్రిములు పెరిగి ఉమ్మితో ఊపిరితిత్తుల్లోకి జారినా నెమ్ము చేస్తుంది.

"ఒక్క చెంచా పెట్టి చూద్దాం" అనే చుట్టాలకు ముందే గట్టిగా చెప్పండి. మింగడం సురక్షితమని పరీక్షలో తేలేదాకా చెంచా ఉగ్గు కూడా ప్రమాదమే. తేలాక స్పీచ్ థెరపిస్టు చెప్పినట్టు పెదాల మీద రుచి చూపించడంతో మొదలవుతుంది. ఆకలి పుట్టించడానికి ఫీడ్ మానేయడం ఇంట్లో సొంతంగా చేసే పని కాదు.

థెరపీకి ప్రభుత్వ ఆసుపత్రుల్లోని జిల్లా సత్వర చికిత్సా కేంద్రాలు, సికింద్రాబాద్‌లోని నీపిడ్ (మేధో వైకల్యం మీద పనిచేసే జాతీయ సంస్థ), బడి వయసొచ్చాక ప్రత్యేక అవసరాలున్న పిల్లల కోసం మండలాల్లో ఉండే భవిత కేంద్రాలు అడగండి.

## 12. డబ్బు, కాగితాలు

ఉద్యోగంలో గ్రూపు ఇన్సూరెన్స్ ఉంటే, సంరక్షణ ఒప్పందం మీదే బిడ్డను చేరుస్తారా, దత్తత ఉత్తర్వు వచ్చేదాకా ఆగమంటారా అని హెచ్‌ఆర్‌ను రాతపూర్వకంగా అడగండి. విడిగా తీసుకునే పాలసీల్లో పాత జబ్బులకు మూడేళ్ల దాకా నిరీక్షణ ఉండొచ్చు.

ట్యూబ్ ఒక్కటే వైకల్యంగా లెక్కకు రాదు, దాని వెనకున్న జబ్బే లెక్క. ఆ జబ్బు మీద సదరం ధృవీకరణ, యూడీఐడీ కార్డు (దివ్యాంగుల గుర్తింపు కార్డు) తీసుకోండి. సెరిబ్రల్ పాల్సీ, మేధో వైకల్యం, ఆటిజం, బహుళ వైకల్యాలకు నేషనల్ ట్రస్టు నిరామయ బీమా కింద ఏడాదికి లక్ష రూపాయల దాకా వస్తుంది. అర్హత ఉంటే తెలంగాణలో రాజీవ్ ఆరోగ్యశ్రీ, ఆంధ్రప్రదేశ్‌లో ఎన్టీఆర్ వైద్య సేవ కింద ఏ ఆపరేషన్లు వస్తాయో నెట్‌వర్క్ ఆసుపత్రి కౌంటర్‌లో అడగండి.

చివరిగా, దాదాపు అందరూ మరిచిపోయే కాగితం. సంరక్షణ ఒప్పందానికీ దత్తత ఉత్తర్వుకూ మధ్య బిడ్డకు అత్యవసర ఆపరేషన్ పడితే సమ్మతి సంతకం ఎవరు పెట్టాలి? ఇంటికి తెచ్చే రోజే శిశుగృహ నుంచి దీనికి రాతపూర్వక జవాబు, రాత్రిళ్లు కూడా పలికే ఒక ఫోన్ నంబరు తీసుకుని, వైద్య ఫైల్లో మొదటి పేజీగా పెట్టుకోండి.